కంప్యూటర్ మీద అద్దం

ఇబ్రహీంపట్నం,
7 జూలై 2013, ఆదివారం.

వదినకు,

నీ ఆడబిడ్డ వందనాలు. అమ్మా నేనూ బాగున్నాం. మోకాలి నొప్పి తగ్గిందని నీకు రాయమని అమ్మ చెప్పింది. తగ్గలేదు. పోస్టు చేసే ముందు ఆమెకు చదివి వినిపించాలి కదా, అప్పుడు ఈ ముక్క మింగేస్తాను.

కొత్త ఆఫీసు ఎలా ఉందని అడిగావు. అద్దాల మేడ అని ఊళ్లో అంటున్నది నిజమే, అందులో ఏదీ దాగదు. ఆదిభట్లలో బస్సు దిగగానే గేటు దగ్గర సెల్‌ఫోన్ అరలో పెట్టేయాలి. లోపల హాలంతా నడుము ఎత్తు అట్ట గోడలు, మధ్య మధ్య మనుషులు. ఒక్కో గూటిని క్యూబికల్ అంటారు. వీపు దారి వైపు, ముఖం గోడ వైపు. దారిన పోయే ప్రతివాడికీ మన కంప్యూటర్ తెర కనిపిస్తుంది, వాడు మాత్రం మనకు కనపడడు. ఎవరు కనిపెట్టారో గాని, పని దొంగల సంగతి బాగా తెలిసినవాడే.

నా వెనక గూట్లో దయాకర్ అన్న. ఊరు రావిర్యాల. ఇద్దరు పిల్లల తండ్రి, కాబట్టి నువ్వు అప్పుడే నవ్వకు. ఆయనకు తన తెర కంటే నా తెర మీదే శ్రద్ధ. మొన్న అన్నం వేళ నెట్‌లో ఏదో చూసుకుంటూ పేజీ కిందికి జరిపితే వెనక నుంచి, "జర ఆగు చెల్లే, నేనింక సదువలే" అన్నాడు.

అన్నం వేళలో సొంత పనికి నెట్ చూసుకుంటే పెద్దగా ఏమీ అనరని చేరిన రోజే చెప్పారు. పెద్దగా అంటే ఎంతో చెప్పలేదు. మన పక్కింటి సంతోషమ్మ కూతురు అరుణ కూడా అక్కడే పై అంతస్తులో చేస్తుంది, ఇద్దరిదీ ఒకే బస్సు. ఆమె ఉపాయం చెప్పింది. పౌడర్ డబ్బా మూతలోని అద్దం ఊడదీసి తెర అంచుకు అంటించాను. ఇప్పుడు వెనక ఎవరొచ్చినా ముందే తెలుస్తుంది, వెంటనే ఆఫీసు పని పైకి తెస్తాను. ఒకటే చిక్కు. అద్దంలో ఆయన నాకు కనిపిస్తే నా ముఖం ఆయనకు కనిపిస్తుందట. ఆ సంగతి అంటించేటప్పుడు తట్టలేదు.

ఊళ్లో నెట్ సెంటర్ లేదా అంటావేమో. అది బాలరాజ్‌ది, వాళ్ల నాన్న మన చర్చి పెద్ద. అక్కడ శనివారం చూసింది ఆదివారం ప్రార్థనలోకి వస్తుంది.

సరే గాని, నీ ఎత్తెంత? బి.ఎడ్. ఏ సంవత్సరంలో అయింది? వంటలో నీకు ఏది బాగా వచ్చు? ఊరికే అడుగుతున్నా. ఆఫీసులో ఫారాలు నింపడం నేర్చుకుంటున్నాను, ఎవరో ఒకరి వివరాలు కావాలి.

నీ మనోజ


మన్ననూరు ఆశ్రమ పాఠశాల,
19 జూలై 2013.

ఆఫీసరమ్మ మనోజకు,

నీ ఇన్‌లాండ్ ఉత్తరం అందింది. పోస్టు రాంచంద్ర దాన్ని ఎండకు ఎత్తిపట్టి చూసి, "టీచరమ్మా, మీ ఆడబిడ్డ అద్దం పెట్టుకున్నదంట" అంటూ చేతికిచ్చాడు. నీకు నడుము ఎత్తు గోడలైనా ఉన్నాయి. నాకు నూట అరవై మంది ఆడపిల్లలున్నారు. తల దువ్వుకుంటే కిటికీలో పది తలలు. మొన్న జ్వరమొచ్చి పడుకుంటే సగం మంది మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు, మిగతా సగం మంది హనుమంతుడికి మొక్కారు. ఏది పనిచేసిందో తెలియదు గాని తెల్లారి లేచి పాఠం చెప్పాను. ఫోన్ సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలి. అక్కడ నిలబడి మాట్లాడితే బడి మొత్తం వింటుంది. అందుకే మనకు ఉత్తరాలే గతి.

నా ఎత్తు ఐదడుగుల రెండంగుళాలు. పిల్లలు గోడ మీద గీత గీసి కొలిచారు. బి.ఎడ్. సంగతి నీకు తెలియదా? మీ అన్న పోయిన మరుసటేడు నన్ను పట్టుబట్టి చేర్పించింది అత్తమ్మే కదా. 2011లో పరీక్షలప్పుడు హాలు బయట ఎండలో సంచి పట్టుకుని కూర్చున్నదీ ఆమే. వంటలో చింతచిగురు పప్పు బాగా చేస్తాను. అదీ ఆమె నేర్పిందే. ఎంతమందికి వండాలో చెప్పు.

ఫారాలు నేర్చుకుంటున్నావా? మీ అన్నాచెల్లెళ్ల అబద్ధాలన్నీ ఒక్కలాగే ఉంటాయి, మొదటి ముక్కకే దొరికిపోతారు. దయాకర్‌కు ఇద్దరు పిల్లలని నేను అడగకముందే చెప్పావు. పక్క గూట్లో ఎవరున్నారో అది రాయి.

మీ అన్న వినోద్ చేతి వాచీ ఆగిపోతే సెల్లు మార్పించాను. దాన్ని చూసే నేను గంట కొట్టిస్తాను కాబట్టి మూడు రోజులు బడి మొత్తం ఆలస్యంగా నడిచింది. ఎవరికీ తెలియలేదు.

అత్తమ్మ మోకాలికి నువ్వుల నూనె కాచి రాయి. తగ్గిందని ఆమె అంటే నమ్మకు.

మీ వదిన, సుసన్న


ఇబ్రహీంపట్నం,
11 ఆగస్టు 2013, ఆదివారం.

వదినకు,

నా పరువు పోయింది. నెమ్మదిగా చదువు, నవ్వకుండా చదువు.

మొన్న శుక్రవారం పొద్దున మా అంతస్తులో అందరికీ ఒక మెయిల్ వచ్చింది. సొంత పనికి నెట్ ఎక్కువ వాడినవాళ్ల పేర్లు, ఏ సైటు, ఎన్ని గంటలు. మొదటి పేరు నాది. నెల రోజుల్లో పదకొండు గంటలు. పెళ్లి సంబంధాల సైటు. నా తర్వాతివాడు క్రికెట్ స్కోరు చూసి నాలుగు గంటల దగ్గరే ఆగిపోయాడు. అద్దం పెట్టుకుని మనుషులకు కాపలా కాశాను గాని, కంప్యూటరే చాడీలు చెబుతుందని నాకేం తెలుసు?

మేనేజర్ పిలిచి, "ఇంత తొందరేందమ్మా?" అన్నాడు. సంజాయిషీ రాసివ్వమన్నాడు. "సొంత పెళ్లి నిమిత్తం" అని రాసి సంతకం పెట్టాను. మూడు నెలలు నా కంప్యూటర్‌కు బయటి నెట్ బంద్. డిసెంబరులో ఉద్యోగం పర్మనెంట్ చేస్తారో లేదో అప్పుడు చూస్తానన్నాడు. అది తలచుకుంటేనే భయంగా ఉంది. ఇంటికొచ్చే జీతం నాదొక్కటే కదా, నువ్వు పంపేది వద్దని అమ్మ పట్టు.

సాయంత్రం బస్సెక్కితే డ్రైవర్, "పెండ్లిపిల్లకు కిటికీ సీటు ఇయ్యిర్రి" అన్నాడు. ఇబ్రహీంపట్నం వచ్చేదాకా చప్పట్లే. ఆఫీసు మొత్తంలో దయాకర్ అన్న ఒక్కడే నవ్వలేదు. ఆయనకు అసలు సంగతి తెలుసు. వెనక నుంచి అంతా చదివాడు కదా. చదివినవాడు నోరు మూసుకున్నాడు, చదవనివాళ్లు ఊరేగిస్తున్నారు.

అరుణ ఇంట్లో చెప్పింది, సంతోషమ్మ గోడ మీదుగా "మరియక్కా" అని పిలిచి అమ్మకు చెప్పింది. తిట్లు తినడానికి సిద్ధపడి ఇంట్లోకి వెళ్లాను. అమ్మ నా తల నిమిరి, "నాకు చెప్తే కాకపోవునా బిడ్డా? కంప్యూటర్ల ఎందుకు ఎతుక్కుంటివి, నేనెతకనా?" అంది. పెళ్లి మాట ఎత్తితే పళ్లెం నెట్టేసి లేచే పిల్ల దారికి వచ్చిందని ఆమె సంతోషం. వచ్చే నెలాఖరుకు ముగ్గురు చూడ్డానికి వస్తున్నారు.

వదినా, నేను నాకోసం వెతుక్కోలేదు. ఇంతకంటే ఇందులో రాయలేను. రాంచంద్ర ఎండకు పెడతాడు.

మనోజ


మన్ననూరు,
21 ఆగస్టు 2013.

కిటికీ సీటు పెళ్లికూతురికి,

నవ్వొద్దన్నావు గాని తరగతిలోనే నవ్వాను. పిల్లలు కారణం అడిగితే లెక్క తప్పిందని చెప్పాను.

ఇక అసలు మాట. నీకోసం కాకపోతే ఎవరికోసం? ఎవరో ఒకరున్నారు, ఇంట్లో చెప్పడానికి భయపడి ఏదో నాటకం ఆడుతున్నావు. అంతేనా? కులం వేరా? మతం వేరా? ఏదైనా సరే, కవరులో పెట్టి, మైదాతో అంటించి పంపు. కవరు వస్తుందని రాంచంద్రకు ముందే చెప్పాను, అలిగాడు.

భయపడకు మనోజా. అత్తమ్మకు నేను చెబుతాను. నా మాట ఆమె కాదనదు. మీ అన్న ఉంటే నీ పక్కన నిలబడేవాడు. ఆయన లేడు కాబట్టి నేను నిలబడతాను. ఆ ఇంటి కోడలికి ఆ మాత్రం హక్కు ఉందనుకుంటాను.

సుసన్న


ఇబ్రహీంపట్నం,
1 సెప్టెంబరు 2013, ఆదివారం.

వదినా,

నీ ఉత్తరం చదివాక నాకు అన్నం సయించలేదు. నా పక్కన నిలబడతానన్నావు. నేను నీ వెనక నిలబడి చేసిన పని విను.

ఆ సైటులో నేను పెట్టింది నీ పేరు. ఎత్తు, చదువు, చింతచిగురు పప్పు, అన్నీ నీవే.

మే నెలలో అరుణ వాళ్ల అక్క పెళ్లిలో అందరం ఫోటోకు నిలబడితే నువ్వు మెల్లగా పక్కకు తప్పుకున్నావు. ఎవరూ తప్పుకోమనలేదు. వంటల దగ్గర పని ఉందని వెళ్లి, ఖాళీ గిన్నెల పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డావు. నేను చూశాను. నీకు ముప్పై మూడేళ్లు వదినా. ఆ రోజే అనుకున్నాను.

ఆ ఫారంలో పెళ్లి సంగతి అడిగే గడి ఒకటి ఉంటుంది. కానివారు, విడిపోయినవారు, వితంతువు, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోవాలి. ఆ మూడో మాట మీద నొక్కడానికి నాకు చాలా రోజులు పట్టింది. అన్నం డబ్బా తెరిచి, ఆ పేజీ తెరిచి, రెండూ అట్లాగే మూసేసేదాన్ని. పదకొండు గంటల్లో ఎక్కువ ఆ గడి దగ్గరే గడిచాయి. ఒకరోజు అద్దంలో నా ఏడుపు ముఖం దయాకర్ అన్నకు కనిపించినట్టుంది. చాయ్ తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

తండ్రి పేరు రాశాను. తల్లి పేరు గడిలో, నీ చిన్నప్పుడే పోయింది కదా, "లేరు" అని రాశాను. ఫోటో కావాలంది. నువ్వు ఒక్కదానివే ఉన్న ఫోటో మన ఇంట్లో ఎంత వెతికినా దొరకలేదు. మీ పెళ్లి ఫోటోలోంచి నిన్ను కత్తిరించి పెట్టాను. నీ భుజం మీద అన్న చెయ్యి ఉండిపోయింది, వాచీతో సహా. "చెల్లే, గా చెయ్యి ఎవలిది?" అని దయాకర్ అన్న అడిగితే, అంతా చెప్పాను. దాన్ని కూడా చెరిపేయొచ్చన్నాడు. నాకు మనసు రాలేదు.

అమ్మకు ఏమీ తెలియదు. ఆమె నాకోసం చీర కొంటోంది.

తప్పయితే తిట్టు. రాయడం మాత్రం మానకు.

మనోజ


మన్ననూరు,
9 సెప్టెంబరు 2013.

మనోజకు,

ఇన్‌లాండ్ మీదే రాస్తున్నాను. రాంచంద్ర చదివితే చదవనీ. దాచడానికి నా సంగతి ఇంకేం మిగిలిందని?

నీ వెనక ఒక మనిషి కూర్చుని నీ తెర చూశాడని నాకు రెండు పేజీలు రాశావు. నీ పేరు పట్టికలో పెట్టారని పరువు పోయిందన్నావు. మరి నా పేరు, నా ఎత్తు, నా మొగుడి చెయ్యి ఎక్కడెక్కడివాళ్లో చూసేచోట పెట్టింది ఎవరు? నన్ను ఒక్క మాట అడగడానికి నీకు నోరు రాలేదు, ఫారం నింపడానికి చేతులు వచ్చాయి.

కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. ఉన్న మాట రాస్తాను. ఈ నాలుగేళ్లలో నాకు మిగిలింది ఆ ఇల్లే. సెలవులు వస్తే ఎక్కడికి పోవాలో తెలిసినదాన్ని. ఇంకొకరి ఇంటికి నన్ను పంపాక మీకు నేను ఏమవుతాను? అత్తమ్మను ఏమని పిలవాలి? నేను వెళ్లిపోతే బాగుండునని మీకు అనిపిస్తే, ఫారాలెందుకు, చెబితే రావడం మానేస్తాను.

ఆ ఫోటో వెంటనే తీసేయి.

అత్తమ్మకు వందనాలు. మోకాలు జాగ్రత్త.

సుసన్న


ఇబ్రహీంపట్నం,
22 సెప్టెంబరు 2013, ఆదివారం.

వదినా,

ముందు ఫోటో సంగతి. బాలరాజ్ నెట్ సెంటర్‌కు వెళ్లి, చున్నీ తల మీంచి తెర మీదికి కప్పుకుని, ఐదు నిమిషాల్లో తీసేశాను. వాడు ప్రార్థనలో ఏం చెప్పుకుంటాడో వాడిష్టం. నువ్వు రాసిన ప్రతి మాటా న్యాయం. నిన్ను అడగకుండా నేను చేసింది తప్పు. క్షమించు.

ఇప్పుడు ఇంట్లో జరిగింది విను. నీ ఉత్తరం వచ్చిన సాయంత్రం అమ్మ ఎప్పటిలాగే చదవమంది. "అందరూ కులాసా, అత్తమ్మకు వందనాలు, మోకాలు జాగ్రత్త" అని చదివి మడిచేశాను. అమ్మ నా చేతిలోని కాగితాన్ని ఎగాదిగా చూసింది. తెల్లారి నేను బస్సెక్కగానే దాన్ని పట్టుకుని, సెలవు మీద ఇంట్లో ఉన్న అరుణ దగ్గరికి పోయింది. "కాయితం నిండ అక్షరాలున్నయి, మా పిల్ల మూడు ముక్కలు సదివి మలిచింది. మిగిలినయి సదువు" అందట. ఇన్నాళ్లూ నేను మింగేసిన ముక్కలన్నీ ఆమె అట్లాగే కొలుచుకుంటూ ఉందని నాకిప్పుడు తెలిసింది. చదువు రానిది ఆమెకు, తెలివి లేనిది నాకు.

నేను ఇంటికొచ్చేసరికి చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ కూర్చుంది. మొదటి మాట, "అయితే నీ పెండ్లి ఉత్తదేనా? పది మందికి చెప్పుకుంటి గదనే!" అని. దానికే ఎక్కువ కోపం వచ్చింది. మళ్లీ చిక్కుడుకాయలు ముందుకు లాక్కుంది. కాయలన్నీ అయ్యాక అంది, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను:

"రెండేండ్ల సంది అడుగుదామనుకుంటున్న. నోరు రాలే. నేను కొడుకు తల్లిని. నేనడిగితే ఇంట్లకెల్లి ఎల్లగొట్టినట్టు అనుకుంటదని ఊకున్న. ఆమె గట్లనే అనుకున్నది సూడు."

లేచి బీరువా తెరిచి తన బైబిల్ తీసింది. చదవడం రాకపోయినా అందులో ఏ పేజీ దగ్గర ఏం పెట్టిందో ఆమెకు తెలుసు. ఒక ఫోటో తీసి ఇచ్చింది. నువ్వే. ఒక్కదానివే. స్టూడియో పరదా ముందు, ప్లాస్టిక్ పూల కుండీ పట్టుకుని, ఫోటో తీసేవాడి మీద కోపం వచ్చినట్టు నిలబడ్డావు. సంబంధం మాట్లాడేటప్పుడు మీ నాన్న పంపిందట. వెనక ఆయన చేతిరాత: "సుసన్న, బి.ఎ., ఎత్తు 5 అడుగుల 4."

"రెండంగుళాలు ఎక్కువ రాసిర్రు. పెండ్లినాడే చూసిన, ఊకున్న" అని అమ్మ నవ్వింది. తర్వాత ఆ ఫోటోను చీర కొంగుతో తుడిచి, "గీ ఫోటో చూసే నేను నా ఇంటికి తెచ్చుకున్న. గిదే పంపు. కండ్లున్నోడు ఎవడన్న గట్లనే తెచ్చుకుంటడు. ఏడికి పోయినా సెలవులకు ఈడికే రావాలె, గది మాత్రం రాయి" అంది. కళ్లు తుడుచుకోలేదు, నేను చూస్తున్నానని తెలిసి కూడా.

ఫోటో ఇందులో పెట్టాను. నువ్వు కావాలంటేనే ఇంకేదైనా చేస్తాం. నా కంప్యూటర్‌కు ఎట్లాగూ నెట్ లేదు. బాలరాజ్ దగ్గరికి పోవాల్సి వస్తే, "నేను కుర్సేసుకుని అడ్డం కూసుంట, ఎవడు తొంగి చూస్తడో చూస్త" అని అమ్మ మాట ఇచ్చింది. ఆమె కూర్చుంటే మా ఆఫీసు అట్ట గోడలు ఏం పనికొస్తాయి?

ఆ ముగ్గురు పెళ్లికొడుకులను వద్దని చెప్పించాం. ఆ చిలకపచ్చ చీర మాత్రం తిరిగి తీసుకోరట.

నీ మనోజ


మన్ననూరు,
27 సెప్టెంబరు 2013.

మనోజకు,

కవరు అందింది. నేను విప్పేదాకా రాంచంద్ర ఎదురుగా నిలబడ్డాడు. ఫోటో చూసి ఏడ్చాను, వెనక అంకె చూసి నవ్వాను. మా నాన్న అబద్ధం పెళ్లయిన మొదటి రోజే బయటపడిందని ఇన్నేళ్లూ నాకు తెలియదు. ఆ ఫోటోలో నేను ఎత్తు చెప్పులు వేసుకున్నాను, అవి రాకుండా నడుము దాకే తీయించాడు.

పెట్టమని చెప్పడం లేదు, వద్దని కూడా చెప్పడం లేదు. వచ్చే శుక్రవారం నుంచి దసరా సెలవులు. సాయంత్రం బస్సుకు వస్తాను. ఆ ఫోటో పదేళ్ల కిందటిది, దాన్ని పంపితే రెండోసారి మోసం చేసినట్టవుతుంది. అత్తమ్మను తీసుకుని స్టూడియోకు పోయి కొత్తది దిగుతాను. వాచీ తీయను. అది ఇప్పుడు నా చేతికి ఉంది కాబట్టి ఎవరూ అడగరు.

ఫారం నేనే కూర్చుని మళ్లీ మొదటి నుంచి రాస్తాను. రాయాలా వద్దా అన్నది ఆ కుర్చీలో కూర్చున్నాక తేలుతుంది. అత్తమ్మ అడ్డంగా కూర్చోవచ్చు. నువ్వు నా వెనక నిలబడకూడదు. ఆ అద్దం కూడా పీకేసి పౌడర్ డబ్బాకు అంటించు, డిసెంబరు దాకా బుద్ధిగా పనిచేయి. నీ పెళ్లి నేను చేయాలి, దానికి నీకు ఉద్యోగం ఉండాలి. ఆ చీర నాకోసం దాచు, నీకు ఆ రంగు నప్పదు.

ఒక్క గడి మాత్రం నీకే వదిలేస్తున్నాను, నువ్వు తప్పు రాశావు కాబట్టి నువ్వే దిద్దు. తల్లి పేరు అడిగినచోట "లేరు" కొట్టేసి, మరియ అని రాయి.

సుసన్న